ఫైనల్ రోజు కడుక్కోని చేతులు

ఫిబ్రవరి 4
మస్తాన్ ఫోన్. గుంటూరు ఫైటింగ్ గేమ్ కుర్రాళ్ల గ్రూపు నడిపేది వాడే. "అన్నా, మన ఆట చరిత్ర రాస్తున్నాం. తొలి చాంపియన్‌వి నువ్వే. ఒక పేజీ రాసియ్యి." నలభై దాటినా ఒళ్లు పొంగింది. మా ఆవిడతో చెప్పాను. "చాంపియన్ గారూ, ముందు గ్యాస్ బండ మార్చండి" అంది.

ఫిబ్రవరి 6
సగం రాశాను. బస్టాండు వెనక గేముల షాపు. ఒకటే ఫైటింగ్ మెషీన్, రెండు స్టిక్కులు. ఓడినవాడు లేవాలి — గెలిచినవాడు కదలడు. మాలో సగంమంది సెలవుల్లో మిర్చి యార్డులో కూలికెళ్లేవాళ్లం. అందుకే గుమ్మంలో బకెట్టు, సబ్బు, కొబ్బరినూనె సీసా. "కారం కడుక్కుని కూర్చోండ్రా!" — ఓనరు అరుపు. ఒకడి చేతి కారం స్టిక్కుకి అంటిందా, తర్వాతివాడి కళ్లు గోవిందా. ఇలాంటి నియమం ఇంకే ఊళ్లోనూ లేదని రాశాను. గర్వంగానే.

ఫిబ్రవరి 7
ఫైనల్ దగ్గరికొచ్చి ఆగిపోయాను. చించేశాను.

ఫిబ్రవరి 9
ఈ డైరీలోనైనా నిజం రాయాలి.
ఫైనల్లో నేను, ప్రభుదాసు. యార్డులో మిర్చి బస్తాలు తొక్కి, పరుగున వచ్చాను. బకెట్టు దగ్గర జనం... కడుక్కోలేదు. ఆలస్యమైతే ఆట పోతుందని భయం, అంతే. ఫైనల్ కాబట్టి ఒక ఆట అయ్యాక సీట్లు మారాం. నా స్టిక్కు వాడి చేతికెళ్లింది. వాడు ముఖం మీద చెమట తుడుచుకున్నాడు — రెండు కళ్లూ ధారలు. నాకు తెలిసిపోయింది. ఆపలేదు. చూపు ఆననివాణ్ణి కొట్టి గెలిచాను. నన్ను భుజాలకెత్తుకున్నారు. సిగ్గులేని వెధవని, నవ్వాను కూడా.
ఆ తర్వాత వాడు షాపు గడప తొక్కలేదు.

ఫిబ్రవరి 12
చరిత్ర కోసం తీసిన వీడియో ఒకటి మస్తాన్ పంపాడు. ప్రభుదాసు ఇప్పుడు పెదకాకానిలో లెక్కల మాస్టారు. నవ్వుతూ చెబుతున్నాడు: "ఆ ఫైనల్లో కళ్లు మండాయంటే తప్పు నాదేనండి. పొద్దున అమ్మతో మిరపకాయలేరడానికెళ్లా. చేతులు సరిగ్గా కడుక్కోలా."
ఇన్నేళ్లూ అలా అనుకున్నాడా!

ఫిబ్రవరి 13
ప్రభుదాసుకి ఫోన్ చేసి చెప్పేశాను. వాడన్నాడు — "ఆ రోజు ఇంటికెళ్లి అమ్మని తిట్టానురా. నీ కూలిపని వల్లే ఓడిపోయానని. మళ్లీ నన్నెప్పుడూ తోడు రమ్మనలేదు. ఒక్కతే వెళ్లేది."
నేనేం చెయ్యాలో చెప్పమన్నాను.
"ఆదివారం చర్చి అయ్యాక రా. అమ్మకి నువ్వే చెప్పు."

ఫిబ్రవరి 16
వెళ్లాను. అమ్మ కంచం పెట్టింది. ముద్ద దిగక ముందే మొత్తం చెప్పేశాను. ప్రభుదాసు తల వంచుకుని, "అమ్మా, ఆ రోజు నిన్ను అనరాని మాటలన్నా..."
ఆమె వాడివైపు చూడలేదు. నాతో అంది: "మావోడా? నన్ను పల్లెత్తు మాట ఎప్పుడన్నాడయ్యా?"
వాడు లేచి బయటికెళ్లిపోయాడు. వెనకే వెళ్లాలో, కూర్చోవాలో తెలియలేదు. ఆమె కూర వడ్డిస్తూనే ఉంది.

ఫిబ్రవరి 17
మస్తాన్ మళ్లీ పేజీ అడిగాడు. నిజం రాస్తే పోయేది నా పరువొక్కటే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ నిజంలో వాడూ, వాళ్లమ్మా కూడా ఉన్నారు. ప్రభుదాసుని అడగకుండా ఎలా రాయను?
మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తడం లేదు...