డెబ్బై మూడో నంబరు నొప్పి

మొండి నాన్నకి,

ఫోన్ చేస్తే "టీవీ గోలలో వినపడట్లేదమ్మా" అని అమ్మ చేతికిచ్చేస్తావు. అందుకే ఉత్తరం. దీన్నైనా చివరిదాకా చదువు.

ఆదివారం మీ మెట్ల కింద నిలబడి చూశాను. గజ్జ దగ్గర అరచెయ్యి అదిమిపెట్టుకుని, మెట్టు మెట్టుకీ పక్కకి తిరిగి దిగుతున్నావు. నన్ను చూడగానే ఆ చెయ్యి జేబులో పెట్టేసుకున్నావు. నేను సర్జన్‌ని నాన్నా. రోజుకి పదిమంది పొట్టలు చూసేదాన్ని. నా దగ్గరా నీ నాటకాలు?

పోయిన ఏడాది నేను ఊళ్లో లేని వారంలో నీ హెర్నియాలో పేగు ఇరుక్కుపోతే, మా ఎమర్జెన్సీలోనే డ్యూటీ డాక్టరు ఆపరేషన్ చేసి, నేను కనిపెట్టిన పద్ధతిలో పొట్ట గోడకి లోపల సన్నటి మెష్ వల వేసి కుట్టాడు. అలా నువ్వూ నా పరిశోధనలో చేరావు. అందులో పేర్లుండవు, నువ్వు డెబ్బై మూడో నంబరువి. మూడు నెలల తర్వాత మా నర్సు అందరికీ ఫోన్ చేసి నొప్పి సంగతి అడిగింది. నిన్న బీరువాలోంచి నీ కాగితం తీసి చూశాను. "నొప్పి: లేదు" అని ఉంది. ఒళ్లు మండిపోయింది.

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాడివి! తక్కెడలో పది గ్రాములు తేడా ఉంటే దుకాణం మూయించినవాడివి. కూతురి పరిశోధనలో మాత్రం పచ్చి అబద్ధం చెబుతావా? నన్ను గెలిపిద్దామనా? నూట నలభై ఆరు మందిలో ఇద్దరికే నొప్పి మిగిలిందని రాశాను. అది వైద్య పత్రికలో అచ్చయింది. ఇప్పుడు మూడు ఆసుపత్రులవాళ్లు అదే పద్ధతి మొదలుపెడుతున్నారు. పత్రికకి సవరణ పంపుతానంటే మా పెద్ద డాక్టరు తల పట్టుకున్నాడు. "ఒక్క ముసలాయన కోసం పేపరు పరువు తీస్తావా? వచ్చే నెలేగా నీ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ!" అన్నాడు. ఆ ముసలాయన మా నాన్నేనని చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది.

ఊళ్లో ఎవరి నొప్పయినా నా దాకా వస్తుంది. మా నాన్న నొప్పి ఒక్కటే దొంగచాటుగా చూడాల్సివచ్చింది. నాకు అన్నిటికన్నా బాధ అక్కడే. ఎందుకు అబద్ధం చెప్పావో రాయి, నీళ్లు నమలకు.

పీకలదాకా కోపంతో,
నీ కూతురు

---

కోపిష్టి డాక్టరమ్మకి,

ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. మీ అమ్మ ఒక్కసారే చదివి, నీ పక్షాన చేరి, మిగిలిన తిట్లు తను పూర్తిచేసింది.

ఫోన్‌లో నేను అబద్ధం చెప్పలేదమ్మా. ఆ నర్సమ్మ మర్యాదగానే మాట్లాడింది. "మళ్లీ ఆసుపత్రికి రావాల్సినంత నొప్పి ఉందాండీ?" అని అడిగింది. నొప్పి ఉంది, మెట్లు దిగితే పొడుస్తుంది, వంగి బూటు లేసు కట్టుకోలేను, కానీ ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చేంత కాదు అన్నాను. "మరి ఉందని రాయమంటారా, లేదని రాయమంటారా?" అంది. మధ్యలో ఇంకేమీ లేదా అన్నాను. "డాక్టరమ్మగారు ఇచ్చిన కాగితంలో రెండే గళ్లున్నాయండీ" అంది. అయితే నీ ఇష్టం అన్నాను. వార్డులో నా పక్క మంచం మీదున్న బస్సు డ్రైవరు ఇప్పుడు పార్కులో కలుస్తుంటాడు. క్లచ్ తొక్కినప్పుడల్లా ప్రాణం పోతోందంటాడు. ఆయన్నీ అలాగే అడిగిందట. ఆయన కాగితం కూడా తీసి చూడు.

నీ దగ్గర దాచిన మాట మాత్రం నిజం. అచ్చయిన పేపరు తెచ్చి నా ఒళ్లో పెట్టావే, ఆ రోజే పట్టిక చూశాను. నొప్పి ఉన్న ఆ ఇద్దరూ మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లని కింద రాశావు. అంటే నేనూ డ్రైవరూ లెక్కలోనే లేము. తేడా ఎక్కడుందో అప్పుడే తెలిసింది. కానీ నీ మొహంలో సంతోషం చూశాక నోరు పెగల్లేదు. ముప్ఫై ఏళ్లు ఊరందరి తక్కెళ్లూ తనిఖీ చేసి, సొంత కూతురి తక్కెడ దగ్గర కళ్లు మూసుకున్నాను. దానికి ఎంతైనా తిట్టు, పడతాను. అబద్ధాలకోరని మాత్రం అనకు.

మీ నాన్న

---

నాన్నకి,

డ్రైవరుగారి కాగితం తీశాను. "లేదు" అనే ఉంది. నర్సు తప్పేం లేదు. ఆ ప్రశ్నా, ఆ రెండు గళ్లూ నేను రాసినవే.

నాలుగు రోజులుగా అందరికీ నేనే ఫోన్ చేస్తున్నాను. ఏ పని చెయ్యలేకపోతున్నారు అని అడిగి, నోరు మూసుకుని వింటున్నాను. ఒకావిడ మనవరాల్ని ఎత్తుకోవడం మానేసిందట. ముందే చెప్పొచ్చుగా అంటే, "మీరు ఆసుపత్రికి రావాలా అని అడిగారు గానీ, మనవరాల్ని ఎత్తుకుంటున్నారా అని అడగలేదుగా" అంది. తల తీసేసినట్టయింది. ఇప్పటికి తొంభై మంది దొరికారు. ముప్ఫై ఎనిమిది మందికి నొప్పి ఉంది.

పేపరు వెనక్కి తీసుకుంటున్నానని ఈ ఉదయం పత్రికకీ, ఆ మూడు ఆసుపత్రులకీ రాశాను. పెద్ద డాక్టరు నాతో మాట్లాడటం లేదు. ఇంటర్వ్యూ పోయినట్టే. ఏడుపొచ్చి ఏడ్చాను. తర్వాత బాగా ఆకలేసింది.

నీకు మాత్రం ఫోన్ చెయ్యలేకపోయాను. నిన్ను ఇన్నేళ్లుగా నేనెలా అడుగుతున్నానో గుర్తొచ్చింది. గుమ్మంలో బ్యాగు దించుతూ, ఒక కన్ను గడియారం మీదుంచి, "బాగానే ఉన్నావుగా?" అంటాను. అలా అడిగితే ఎవరైనా ఇంకేం చెబుతారు?

గురువారం సెలవు పెట్టాను. పొద్దున్నే వస్తాను, సాయంత్రందాకా ఉంటాను. ఎక్కడ నొప్పో, ఎప్పటినుంచో, ఏమేం మానేశావో అన్నీ మొదట్నుంచీ చెప్పు.

నీ కూతురు