ముందుగదిలో వదిన

ఫొటో ఫ్రేములు కట్టే షాపు యజమానురాలినైన నేను, నాతో కలిసి ఆ షాపు నడిపి ప్రభువునందు నిద్రించిన గాజు పనివారి భార్యను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. ఎల్లుండి నాకు గుండె ఆపరేషన్. డాక్టరు ధైర్యంగానే మాట్లాడాడు గాని నా కళ్ళలోకి చూడలేదు.

1. నా ఇల్లు, నగలు నా తదనంతరం మా అమ్మాయికి సర్వహక్కులతో చెందవలెను. నీలం శాలువా మాత్రం పెట్టెలో దాచకుండా కప్పుకోవాలి.

2. ఆ ఇంటి ముందుగదిలో బతికున్నంతకాలం ఉండే హక్కు మా ఆయన అక్కకు, అంటే నా వదినకు ఇస్తున్నాను. ఆమె తన అద్దెగది మెట్లు ఎక్కలేకపోతోంది. ఇది చదివి మా అమ్మాయి నోరెళ్ళబెడుతుంది. వదిన పేరెత్తితే నా మొహం ఎలా మాడిపోయేదో దానికి తెలుసు.

షాపు మూసి రాగానే అక్కాతమ్ముళ్ళు ఆ గదిలోనే ప్రార్థనకు మోకాళ్ళు వేసేవారు. రోజంతా నాతో నాలుగు ముక్కలు మాట్లాడని మనిషి అక్కడ గలగలా మాట్లాడేవారు. ఒక్కోసారి నవ్వేవారు కూడా. నేను కళ్ళు మూసుకుంటే చీకటి తప్ప ఏమీ ఉండేది కాదు. 'అవతల వినేవాళ్ళున్నారని మీకెలా తెలుసు?' అని అడిగేదాన్ని. వదిన 'నీకోసం మేం అడుగుతున్నాంలే అమ్మాయ్' అనేది. ఆ 'మేం'లో నేను లేను. వదిన మీద కుళ్ళు సరే, దేవుడి మీద అంతకన్నా ఎక్కువ.

పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయింది. వదిన వచ్చి మంచం పక్కన మోకాళ్ళు వేసింది. ఆయన మాత్రం బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. నావల్ల కాదని తల అడ్డంగా ఊపినా వదల్లేదు. 'వాడు నిన్నే ప్రార్థన చెయ్యమంటున్నాడు. కానివ్వు' అని వదిన గోడవారకు జరిగింది. నా కుళ్ళు మొదటిసారి ఆమె మొహంలో కనిపించింది. చెప్పొద్దూ, హాయిగా అనిపించింది.

'ప్రభువా, నువ్వున్నావో లేదో నాకు తెలీదు. ఉంటే ఈయన చెయ్యి వదలకు.' అంతే వచ్చింది నోటికి. ఆయన సగం నోటితో నవ్వారు.

నయం కాలేదు. పోయేదాకా రోజూ ఆయన బదులు నేనే దేవుడితో మాట్లాడాను, దెబ్బలాడాను, బతిమాలాను. ఆయన్ని సమాధి చేసి వచ్చిన సాయంత్రం కూడా నోరు దానంతటదే తెరుచుకుంది. జవాబు రాలేదు. కాని గదిలో ఒక్కదాన్నే ఉన్నాననిపించలేదు. అవతల ఎవరున్నారని అడగడం ఆ రోజుతో మానేశాను.

3. షాపు, గాజు కోసే బల్ల మా అల్లుడికి. అతనికి కొలతలు రావు. నేర్చుకోవాలి.

4. ఆయన కళ్ళజోడు నాతోపాటు శవపెట్టెలో పెట్టవలెను. వదిన అడుగుతుంది, ఇవ్వకూడదు. ఆయన బైబిలు ఇప్పటికే ఇచ్చాను, చాలు.

5. ఈ వీలునామా అమలు బాధ్యత మా చర్చి సంఘకాపరిది. నాకోసం వదిన సంఘమంతటితో ఉపవాస ప్రార్థన పెట్టిస్తానంది. పెట్టించనీ. నేను లేచి వస్తే సంతోషం. రాకపోతే ఈ ముక్క ఆమెకు చదివి వినిపించాలి: భక్తిలో ఆమె నాకన్నా పెద్దది, ఆయన్ని ఎత్తుకుని పెంచిందీ ఆమే. అయినా ఆయన్ని ముందు చూసేది నేనే. ఆమె నిదానంగా రావచ్చు, తొందరేమీ లేదు.

2011 జూన్ 14, మంగళవారం.

(సంతకం)
ఫ్రేముల షాపు యజమానురాలు

సాక్షులు:
పక్క షాపు తాళాల మేస్త్రి
ఎదురింటి నర్సమ్మ