విరిగిన కమాను పట్టీ

ప్రియమైన ప్రకాశం అన్నకు,

నీ చెల్లెలు కరుణ వందనాలు. నువ్వూ వదినా పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? దవాఖానాలో ఇచ్చిన గోలీలు మానకుండా వేసుకుంటోందా? నా ఒంట్లో బాగానే ఉంది, దిగులు పెట్టుకోవద్దని చెప్పు. ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకని అనుకుంటావు. నాలుగుసార్లు బూత్ దాకా వెళ్లి తిరిగొచ్చానన్నా. ఫోన్‌లో అయితే సగం చెప్పి పెట్టేస్తాను.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున పది దాటినా మంచు విడవదు. హాస్టల్లో రోజూ రొట్టెలు, బంగాళాదుంప కూర. మూడేళ్లయినా నాలుకకు అలవాటు కాలేదు. ఆదివారం చర్చిలో పాటలన్నీ హిందీలోనే. నేను పెదవులు కదుపుతూ లోపల మన పాట పాడుకుంటాను. మిగతా రోజులన్నీ ల్యాబే. నీకు ఇదివరకు చెప్పాను కదా, లోహపు కడ్డీని యంత్రంలో బిగించి లక్షలసార్లు లాగి వదులుతాం, ఎన్నిసార్లకు విరుగుతుందో చూస్తాం. ఒక్కో కడ్డీకి మూడు రోజులు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ కడ్డీ పారేసి కొత్తది బిగించాలి. లోహం ఎలా అలసిపోతుందో తెలుసుకోవడమే మన చదువు అంటారు మా గైడ్ సారు. ఈ మధ్య కడ్డీ కన్నా ముందు నేనే అలసిపోతున్నాను. అయినా బాగానే ఉన్నాను, నిజంగా.

ఇక అసలు సంగతి. ఎండాకాలంలో చర్ల దారిలో వెదురు లోడుతో ముత్తయ్య నడుపుతున్న లారీ, చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీ విరిగి పక్కకు ఒరిగింది. అతని కాలు నుజ్జయింది. షెడ్డులో ఆ పట్టీ బిగించిన మెకానిక్‌వి నువ్వే కాబట్టి, విరిగిన ముక్కలు గోనెసంచిలో చుట్టి నాకు పార్సిల్ పంపావు.

"చెల్లె, ఇనుము మంచిదా కాదా, గదొక్కటి చూసి చెప్పు. నేను బిగించుడుల తప్పున్నదని లారీ ఓనర్ అంటుండు. నాదైతే నాదే. కానీ తెల్వాలె గదా" అన్నావు ఫోన్‌లో.

నేను వారం తిరక్కుండా ఒక ముక్క కోయించి, యంత్రంలో లాగి చూసి, "ఇనుము గట్టిదే అన్నా" అని చెప్పాను. నువ్వు, "అవ్ మల్ల. అట్లైతే నా చెయ్యే" అన్నావు. అంతే, ఫోన్ పెట్టేశావు.

తర్వాత వదిన చెప్పింది. "మీ అన్న షెడ్డుకు పోతలేడమ్మా. రంగుల పనికి పోతుండు. శుక్రవారం శుక్రవారం ముత్తయ్య ఇంటికి పోయి వాకిట్ల కూసొని వస్తుండు. ఏంది గిట్లయిపోయినవంటే లేసి బయటికి పోతుండు."

అన్నా, ఆ రోజు యంత్రం నాకు తప్పు చూపించింది.

వానలు తగ్గాక నేహా అనే అమ్మాయి మా ల్యాబ్‌లో కొత్తగా చేరింది. పని నేర్చుకోవడానికని, గట్టిదనం ముందే తెలిసిన కడ్డీ ఒకటి ఇచ్చి లాగి చూడమన్నాను. ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ చూపించింది. మూడుసార్లు చేసింది. "సరిగ్గా బిగించడం కూడా రాదా?" అని కసురుకున్నాను. నాలుగోసారి నేను చేశాను. అదే వచ్చింది. స్టోర్ నుంచి తూకపు బరువులు తెప్పించి వేలాడదీశాను. వంద కిలోలకు నూట పన్నెండు అని చూపించింది. బలాన్ని కొలిచే భాగం చెడిపోయింది. నేహాకు సారీ కూడా చెప్పలేదు.

ఆర్నెల్లకోసారి అలా బరువులు వేసి సరిచూసి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఆ పని నాదే. రెండుసార్లు నేను చూడకుండానే సంతకం పెట్టాను. బరువులు మోసే మనిషి దొరకలేదు, నా ప్రయోగం ఆగిపోతుందనుకున్నాను. అంతకు మించి కారణం లేదు. అందుకే ఎప్పటినుంచి తప్పు చూపిస్తోందో ఎవరమూ చెప్పలేం. ఏడాది పైన నేను రాసుకున్న అంకెలేవీ పనికిరావు. చూపించిన దానికన్నా తక్కువ బలంతో లాగుతోంది కాబట్టి నా కడ్డీలు చాలాకాలం నిలిచాయి. సారు తెగ సంబరపడ్డారు. దాని మీద రాసిన పేపర్‌ను ఒక జర్నల్ ఒప్పుకుంది కూడా.

అనుపమ్ అని నా సీనియర్, "ఎవరికి తెలుస్తుంది? బాగు చేయించి ఊరుకో" అన్నాడు. రెండు రోజులు నేనూ ఊరుకుందామనే అనుకున్నాను. నీ దగ్గర దాచను. మూడో రోజు వదిన మాటలు గుర్తొచ్చాయి. నేను నోరు మూసుకుంటే నువ్వు ఆ వాకిట్లోనే ఉండిపోతావు.

రిజిస్టర్ తీసుకెళ్లి సారు ముందు పెట్టాను.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే సార్."

"చూడకుండా పెట్టావా?"

"అవును సార్."

ఆయన రిజిస్టర్ పేజీలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూశారు. "నేనూ ఈ రిజిస్టర్ ఎన్నడూ తెరిచి చూడలేదు" అన్నారు. పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని నా ముందే జర్నల్‌కు రాశారు. ఒక్క మాట తిట్టలేదు. తర్వాత రెండు వారాలు పని గురించి తప్ప నాతో ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు మొత్తం మళ్లీ చేయాలి, ఇంకో ఏడాది. ఖమ్మం కాలేజీ వాళ్లు అప్పటిదాకా ఆగరు. ఆ లెక్చరర్ ఉద్యోగం పోయినట్టే. అమ్మకు ఒక్కసారిగా చెప్పకు, మెల్లగా చెప్పు.

పోయిన వారం ఆ భాగం బాగై వచ్చింది. బరువులు నేనే మోసి, నేనే సరిచూశాను. మొట్టమొదట బిగించింది నా కడ్డీ కాదు, నువ్వు పంపిన పట్టీ ముక్క. మూడు ముక్కలు లాగాను. కమాను పట్టీకి ఉండాల్సిన గట్టిదనం ఒక్కదానికీ లేదు. పట్టీ విరిగిన చోటును మైక్రోస్కోపు కింద పెట్టాను. వరద తీశాక గోదారి ఇసుక మీద గీతలు పడతాయి చూడు, అలా ఒకదాని వెనక ఒకటి గీతలున్నాయి. పగులు ట్రిప్పు ట్రిప్పుకూ కొంచెం కొంచెం పెరిగిన గుర్తులవి. అవన్నీ ఇనుము లోపలి ఒక నల్లటి మలినపు చుక్క దగ్గర మొదలయ్యాయి. నువ్వు బోల్టు బిగించిన చోటికి అది జానెడు దూరం. బోల్టు దగ్గర వెంట్రుకంత గీత కూడా లేదన్నా. నీ చెయ్యి కాదు.

ఇది చూడటానికి గంట పట్టింది. ఆ గంట ఎండాకాలంలోనే పెట్టి ఉంటే అప్పుడే తెలిసేది. నా కడ్డీల తొందరలో నీ ముక్కను ఒక్కసారి లాగి పక్కన పడేశాను.

రిపోర్టు మీద సారు కూడా సంతకం చేశారు, ఈసారి చదివి. రెండు కాపీలు ఇందులో పెట్టాను. ఒకటి ఓనర్‌కు ఇవ్వు. రెండోది ముత్తయ్యకు నువ్వే తెలుగులో చదివి చెప్పు. అతనికీ వాళ్లింటామెకూ నా నమస్కారాలు. మన చర్చి అయ్యగారికి, అమ్మగారికి వందనాలు చెప్పి నా కోసం ప్రార్థన చేయమను. వీలైతే ఎవరితోనైనా పండుమిరప తొక్కు పంపించు. అమ్మ దీవెన ఉంటే ఈ ఏడాది కూడా గడిచిపోతుంది.

ఇది చదివాక నువ్వు ఫోన్ చేస్తావు. "పర్వాలేదు తియ్ చెల్లె" అంటావని నాకు తెలుసు. అలా అనకు. ముందు తిట్టు. బాగా తిట్టాక మాట్లాడుకుందాం.

నీ చెల్లెలు,
కరుణ