నలభై తొమ్మిదో, యాభయ్యో

జూన్ 5, గురువారం

ఎల్లుండి పక్క కౌంటీతో నలభై ఓవర్ల మ్యాచ్. స్కోరు పుస్తకంలో కొత్త పేజీ సిద్ధం చేశాను. రెండు నల్ల పెన్నులు, ఒక ఎర్ర పెన్ను. రబ్బరు పెట్టుకోను. తప్పు రాస్తే ఎర్ర గీత కొట్టి, పక్కన కెప్టెన్ సంతకం పెట్టించాలి. తొమ్మిదేళ్లలో నాకు ఎర్ర పెన్నుతో పెద్దగా పని పడలేదు.

కెప్టెన్ రవి ఈసారి మా ఆయన్ని ఐదో నంబర్‌లో దింపుతాడట. ఇన్నేళ్లూ తొమ్మిదో నంబరే. మార్చిలో యాభై నిండాయి. వయసంత స్కోరు ఒక్కసారైనా కొట్టాలని అప్పటినుంచీ ఒకటే పాట. ఇంతవరకు పెద్దది ముప్పై ఎనిమిది.

జూన్ 6

నాలుగు కేజీల పులిహోర. చింతపండు నానబెట్టాను. వాన లేదని ఫోన్ చెబుతోంది.

జూన్ 7, శనివారం

గెలిచాం. మనది 212, వాళ్లది 131. మొదటి పది ఓవర్ల తర్వాత ఎవరికీ టెన్షన్ లేదు — ఇంత హాయిగా మ్యాచ్ చూసి ఎన్నాళ్లయిందో.

ఆయన యాభై కొట్టారు.

రాస్తుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. బోర్డు మీద 50 పడగానే షామియానా కింద ఉన్నవాళ్లంతా లేచారు. ఎవరో ఐస్ డబ్బా మూత మీద దరువు. రవి వాళ్ల మామగారు — కరీంనగర్ నుంచి వచ్చి రెండు నెలలే — గొడుగు ఊపుకుంటూ గ్రౌండ్ మధ్యకు వెళ్లిపోయారు. అంపైరే చేయి పట్టుకుని బయటకు పంపాడు. మా ఆయన బోర్డు వైపు చూసి, ఒక క్షణం ఆగి, బ్యాట్ ఎత్తారు. రెండు బంతుల తర్వాత సిక్సర్ కొట్టబోయి బౌండరీ దగ్గర క్యాచ్. తిరిగి వస్తూ కూడా నవ్వుతూనే ఉన్నారు.

అవతలి జట్టు స్కోరర్ ఒక పెద్దమనిషి. నా పక్కనే కూర్చున్నాడు కానీ సగం సేపు పులిహోర దగ్గరే. నా పుస్తకం చూసి తన దాంట్లో దించుకున్నాడు. ఇద్దరివీ సరిపోయాయన్నాడు, సరిపోకేం.

రవి భార్య సునీత కేక్ తెచ్చింది. ఆయన మీసానికి క్రీము. పార్కు మూసే మనిషి వచ్చి, ఒక ముక్క తిని, ఇంకో పావుగంట ఇచ్చాడు.

జూన్ 8, ఆదివారం

పొద్దున్నే కాఫీతో కూర్చుని పేజీ సరిచూశాను. మ్యాచ్ రోజు హడావిడిలో మొత్తం మాత్రమే చూస్తాను, కూడికలన్నీ మర్నాడే.

మొత్తం 212. ఆటగాళ్లవీ, ఎక్స్‌ట్రాలూ కలిపితే 213.

మళ్లీ కలిపి చూశాను. 213.

ఒక్కొక్క ఓవరూ, ఒక్కొక్క బంతీ… ముప్పై ఒకటో ఓవర్, నాలుగో బంతి. బౌలర్ గడిలో లెగ్‌బై గుర్తు ఉంది. నేను వేసిందే. ఆయన వరసలో అదే బంతికి ఒకటి కూడా ఉంది. అదీ నేను వేసిందే.

గుర్తొచ్చింది. ఆయన నలభై తొమ్మిది మీద ఉన్నారు. బంతి తగిలింది, పరుగెత్తారు. అంపైర్ చేయి చూడకుండా కలం కాగితం మీద పెట్టకూడదు, ఎవరికి నేర్పినా మొదట చెప్పే మాట అదే. నేను అంపైర్ని చూడలేదు. ఆయన్ని చూస్తూ ఒకటి వేసేశాను. బోర్డు తిప్పేశారు, చప్పట్లు. ఆ తర్వాత అంపైర్ మోకాలు తట్టి లెగ్‌బై అని చూపడం కనబడింది, చేయెత్తి సరే అన్నాను, ఎక్స్‌ట్రాల్లో రాశాను. ముందు వేసినదాన్ని కొట్టేయలేదు.

ప్యాడ్‌కు తగిలిన పరుగు. జట్టుది. ఆయనది కాదు.

ఆయన పెరట్లో ఫోన్లో వాళ్ల తమ్ముడికి ఆ ఇన్నింగ్స్ చెబుతున్నారు, మూడోసారి. పుస్తకం మూసేశాను.

జూన్ 9, సోమవారం

ఈ పేజీని పుస్తకంలోంచి తీసి, ఆ షీటు లీగ్ వాళ్లకు వెబ్‌సైట్‌లో బుధవారం సాయంత్రం ఆరులోపు పంపాలి. గెలుపు ఎటూ పోదు. రెండు పుస్తకాల్లోనూ యాభయ్యే. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

సాయంత్రం కాలేజీ నుంచి నిఖిల ఫోన్. "నాన్న ఫిఫ్టీ కొట్టాడా? ఫర్ రియల్? అమ్మా, ఆ పేజీ ఫొటో పంపు, నా రూమ్‌లో పెడతా." రేపు పంపుతానన్నాను.

ఆయన ఆఫీస్‌లో కూడా చెప్పారట. క్రికెట్ తెలియని వాళ్లకు.

వంకాయ కూర మాడింది.

జూన్ 10, మంగళవారం

చెప్పేశాను. రాత్రి దాకా ఆగలేక, లంచ్ టైంలోనే. ఆయన ఈరోజు ఇంటినుంచే పని. పుస్తకం తెచ్చి పళ్లెం పక్కన పెట్టి, గడి మీద వేలు పెట్టి చూపించాను.

చూశారు. అన్నం కలుపుతున్న చేయి ఆగింది.

"అది ప్యాడ్‌కే తగిలింది. నాకు తెలుసు," అన్నారు.

మరి బ్యాట్ ఎందుకెత్తారు అన్నాను.

"నేనేం లెక్కపెట్టుకోలేదు కదా. బోర్డు మీద యాభై ఉంది. ముందు బంతికే అయిపోయిందేమో, ఇప్పుడు చూసి చప్పట్లు కొడుతున్నారేమో అనుకున్నా. నువ్వు రాస్తున్నావు, ఇంక నాకేంటి డౌటు?"

పుస్తకం మూసి నా వైపు లాక్కున్నాను.

ఆయనే నవ్వారు. నలభై తొమ్మిదని తెలిసి ఉంటే ఆ సిక్సర్‌కి వెళ్లేవాణ్ణి కాదన్నారు, మెల్లగా ఒక సింగిల్ తీసుకునేవాణ్ణి. నన్ను అనాలని కాదు. నిజమే చెప్పారు. అందుకే ఎక్కువ తగిలింది. మజ్జిగ పోసుకుని, మీటింగ్ ఉందని పైకి వెళ్లారు.

ఏం పంపాలో చెప్పలేదు. నేనూ అడగలేదు.

జూన్ 11, బుధవారం

పొద్దున్న ఎర్ర గీత కొట్టాను. పక్కన 49. నిన్నటికంటే తేలిగ్గా ఉంది.

రవికి ఫోన్ చేశాను, సంతకానికి. మొత్తం విని, నవ్వేశాడు.

"ఎనభై ఒక్క రన్స్‌తోని గెలిచినం అక్కా. ఒక్క రన్‌తోని ఎవరికేం పని? మురళన్న ముఖం చూసినవా ఆ రోజు? నేనైతే సంతకం పెట్టను. ఉండనియ్యి."

మంచి మనసుతోనే అన్నాడు. అతని సంతకం లేకపోతే దిద్దిన షీటు చెల్లదు. దిద్దనిది పంపడం నా వల్ల కాదు.

మూడు గంటలు. బట్టలు మడతపెట్టాను. నాలుగున్నర. శనివారానికి కొత్త పేజీ తీద్దామనుకున్నాను, తీయలేదు.

ఐదింటికి ఆయన కిందికి వచ్చారు. టేబుల్ మీది షీటు తీసి చూశారు. చాలాసేపు. ఆ ఎర్ర గీతనా, పేరునా — ఏం చూస్తున్నారో తెలియలేదు.

"రవి పెట్టనన్నాడా?"

అవునన్నాను.

"నాకోసమా?"

తలూపాను.

షీటు నలగకుండా ఫైల్లో పెట్టుకున్నారు, చెప్పులు వేసుకున్నారు. నన్నూ రమ్మంటారేమో అనుకున్నాను. అనలేదు. కారు వెళ్లిన చప్పుడు.

రవి ఇల్లు ఏడు నిమిషాలు. ఇప్పుడు ఐదూ నలభై. సంతకం పెట్టమని అడగడానికే వెళ్లారా, పోనీలే పెట్టొద్దులే అనడానికా… సునీతకు ఫోన్ చేస్తే తెలుస్తుంది. చేయను.

కంప్యూటర్ ఆన్ చేసి, లీగ్ పేజీ తెరిచి పెట్టాను.