రౌటర్ తప్పేమీ లేదు

గౌలిపుర, హైదరాబాద్,
16 నవంబరు 2025, ఆదివారం.

చిరంజీవి మేధను నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. క్షేమం అనే మాట రాసి కాసేపు కలం ఆపాను. రాయకుండా మొదలుపెడితే నువ్వు భయపడతావు, రాస్తే పూర్తిగా నిజం కాదు. సరే, రాసేశాను. మిగతాది నెమ్మదిగా చెబుతాను. ఉత్తరం మొత్తం చదివాకే ఫోన్ అందుకో తల్లీ.

దీపావళికి నువ్వు పంపిన పార్సిలు అందింది. అమ్మకు చీర నచ్చింది. అంచు రెండు మూడుసార్లు తడిమి చూసుకుంది. ఉన్ని టోపీ నేను రోజూ పెట్టుకుంటున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు గుడి వంటశాల తలుపు తీసేసరికి చెవులు కొయ్యబారిపోతున్నాయి. టోపీలో నన్ను చూసి మొదటి రోజు పూజారి గారు గుర్తుపట్టనే లేదు. ఇంకో నెలలో ధనుర్మాసం, ఇక రోజూ పొంగలి గుండిగలతో కుస్తీయే.

పార్సిలు అడుగున పెట్టిన నీ ఉత్తరం దాదాపు నెలగా నా చొక్కా జేబులోనే తిరుగుతోంది. జవాబు ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నీ గొంతు వినబడగానే నేను "అంతా మంచిగనే ఉన్నది బిడ్డా" అనేస్తాను. కాగితం ముందు కూర్చుంటే అంత తొందరగా అబద్ధం రాదు.

రెండు ప్రశ్నలడిగావు. ఏ రౌటర్ కొన్నారు, ఎన్ని మార్చినా వీడియో కాల్‌లో అమ్మకు బొమ్మ ఎందుకు సరిగా రావడం లేదు అనేది మొదటిది. రెండోది చివర్న చిన్న అక్షరాలతో రాశావు. తేలికైనదానికి ముందు జవాబు చెబుతాను.

జూన్‌లో అమ్మ పదే పదే బొమ్మ బాగా లేదంటుంటే, కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లాను. విశాల్ అనే ఆయన దుకాణం. నువ్వు ఫోన్లో చెప్పినవన్నీ చీటీ మీద రాసుకుపోయి, ఏ కంపెనీది మంచిదని అడిగాను. ఆయన చీటీ పక్కన పెట్టేశాడు.

"అంకుల్, కంపెనీ పేరు తర్వాత అడుగుండ్రి. ముందుగాల ఇల్లు ఎట్లున్నదో చెప్పుండ్రి" అన్నాడు.

"గౌలిపురల పాత ఇల్లు. మేడ మీద మూడు గదులల్ల కిరాయికుంటం. డంగు సున్నం గోడలు, మూరెడు మందముంటయి" అన్నాను.

"గట్లయితే ఎంత పెద్ద డబ్బా పెట్టినా ఒక్కటి సాలదు. స్పీడుగ పోయే సిగ్నల్ గోడ దాటదు. గోడ దాటేది స్పీడుగ పోదు. జోడు డబ్బాలు పెట్టుండ్రి, ముందటి గదిల ఒకటి, లోపట ఒకటి. ఇంతకు నెట్‌తోని ఏం జేస్తరు? సినిమాలా?"

"మా ఇంట్ల ఆమెకు పుట్టినప్పటి సంది వినబడదు, మాట రాదు. మేము చేతులతోనే మాట్లాడుకుంటం. బిడ్డ మైసూరుల వినబడని పిల్లల బడిల టీచరు. బొమ్మ ఆగితే మాకు మాట ఆగినట్టే" అని చెప్పాను.

అప్పటికే ఆయన నా ముందు ఆరు కొమ్ముల పెద్ద డబ్బా ఒకటి పెట్టి ఉన్నాడు. దాన్ని తీసి మళ్లీ అరలో పెట్టేశాడు. "గిది గేములాడెటోళ్లకు. మీకొద్దు" అని, చూడటానికి అగ్గిపెట్టెల్లా ఉన్న తెల్లటి జోడు ఒకటి తీశాడు. కరెంటు పోయినా ఆగకుండా చిన్న బ్యాటరీ కూడా ఇచ్చాడు. "మూడేండ్ల గ్యారంటీ. ఫికర్ జేయకుండ్రి" అన్నాడు. మంచి మనిషి. ఆయన మాట ఒక్కటీ పొల్లు పోలేదు. ఆ రౌటర్లు ఈ రోజుకీ నిక్షేపంలా పనిచేస్తున్నాయి మేధా. వాటి తప్పేమీ లేదు.

అయినా అమ్మ ఊరుకోలేదు. ఉగాదికి నువ్వు పంపిన పెద్ద ట్యాబ్ ముందు కూర్చున్నప్పుడల్లా, నీ చేతులు బొమ్మలోంచి బయటికి పోతున్నాయంది. మళ్లీ ఆ పాత చిన్న ఫోనే ఇమ్మంది. బిడ్డ ముచ్చటపడి పంపిందని, నీకు కొత్తదేదీ గిట్టదని నేనే కసిరాను. దాంతో పాటు చెంబు తన్నేసిందనీ, గడప తట్టుకుందనీ, దీపాలు పెట్టాక మెట్లు దిగనని మొండికేస్తోందనీ కూడా కసిరాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇంట్లో ఏం జరిగినా నేను నెట్టు మీదా ఆమె మీదా పెట్టేవాణ్ని.

గణేశ్ నిమజ్జనం అయ్యాక, మన వీధికి కేబుల్ చూసే బబ్లూను పిలిచాను. ఇరవై ఏళ్లుగా ఈ గల్లీలో వైర్లు లాగుతున్న మనిషి. తన ఫోన్లో స్పీడు చూసి, ట్యాబ్‌లో ఒక వీడియో పెట్టి, నా ముఖంలోకి చూశాడు.

"సార్, అద్దం లెక్క వస్తున్నది. మీకేం కనబడుతలేదు?"

నాకు అంతా బాగానే కనబడుతోంది. అమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది. సొరుగులోంచి పాత ఫోన్ తీసి, అదే వీడియో పెట్టమని, చేయి చాచి దూరంగా పట్టుకుని, ఇందులో మొత్తం వస్తోంది చూడమంది. బబ్లూ ఒకసారి ట్యాబ్‌నూ, ఒకసారి ఫోన్‌నూ, తర్వాత అమ్మనూ చూశాడు.

"గదే నెట్టు, గదే డబ్బా సార్. పెద్దదాంట్ల కనబడంది చిన్నదాంట్ల కనబడుతున్నదంటే... ఏమనుకోకుండ్రి, అమ్మను ఒక్కపారి కండ్ల డాక్టరుకు సూపియ్యుండ్రి."

చూపించాను. చెవులనూ కళ్లనూ రెండింటినీ పట్టే జబ్బట. పుట్టుకతోనే ఉంటుందట, కళ్ల సంగతి నెమ్మదిగా బయటపడుతుందట. చూపు నాలుగు పక్కల నుంచీ మూసుకుంటూ వచ్చి నడుమ కొంచెం మిగులుతుంది. ఇప్పుడు ఆమెకు ఆ నడుమ ఉన్నదే కనబడుతోంది. దగ్గరగా నిలబడినప్పుడు నా ముఖం కనబడితే చేతులు కనబడవు, చేతులు చూస్తే ముఖం కనబడదు. చిన్నప్పటి నుంచీ రేచీకటి ఉందట. అందరికీ రాత్రిళ్లు అలాగే ఉంటుందనుకుందట పిచ్చిది. మందు లేదన్నారు. ఎన్నాళ్లు మిగులుతుందని అడిగితే, ఏడాదో అయిదేళ్లో చెప్పలేమన్నారు. నీ చెవులు బాగున్నాయి గనుక నీకు ఈ భయం లేదని కూడా చెప్పారు. నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.

డాక్టరు గారి మాటలు నేనే చేతులతో ఆమెకు చెప్పాను. చెబుతూ ఏడ్చాను, ఆమె ఏడవలేదు. ఆటోలో ఇంటికి వస్తూ, మేధకు చెప్పొద్దు, ఉద్యోగం వదిలి వచ్చేస్తుంది అని ఒట్టు పెట్టించుకుంది. నేను వెంటనే ఒప్పుకున్నాను. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నానో ఆమెకు తెలియదు. ఆ రోజు నుంచీ నువ్వు అడిగినప్పుడల్లా నెట్టు బాగా లేదంటూ వచ్చాను.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. "అమ్మకు నా మీద అంత కోపమా నాన్నా? ఫోన్ చేయి చాచినంత దూరంలో పట్టుకుని, ఒంటి చేత్తో రెండు మాటలు చెప్పి పెట్టేస్తోంది" అని రాశావు. ఆ దూరంలో పట్టుకుంటేనే నువ్వు మొత్తంగా కనబడతావు బిడ్డా. ఒక చెయ్యి ఫోన్‌కే పోతే మాట్లాడటానికి రెండోదే మిగులుతుంది. కోపం లేదు. కోపం రావాలంటే ముందు సంగతి తెలియాలి కదా. నిన్నటి దాకా ఆమెకు తెలియనే తెలియదు.

వినాయక చవితికి ముందు ఆదివారం సాయంత్రం నువ్వు ట్యాబ్‌లో అమ్మకు శ్రవణ్‌కుమార్ సంగతి చెప్పావు. మీ బడిలో లెక్కల మాస్టరని, మీరిద్దరూ పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారని, అతను మన కులం కాదని, అయినా అమ్మ సరేనంటేనే ముందుకు వెళతానని చెప్పావు. నేను అమ్మ వెనక గడప దగ్గర నిలబడి ఉన్నాను. నీకు కనబడలేదు. నువ్వు చెప్పిన ప్రతి మాటా చూశాను. నీ చేతులు ఎక్కడెక్కడ ఆగాయో కూడా చూశాను. అమ్మ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. నువ్వు జవాబు కోసం ఎదురుచూసి, కళ్లు తుడుచుకుని, ఫోన్ పెట్టేశావు. అప్పుడు అమ్మ నా వైపు తిరిగి, బొమ్మ సరిగా రాలేదు, చేతులు తెగిపోయాయి, ఏమంది అని అడిగింది.

మైసూరులో వానలు పడుతున్నాయంది అని చెప్పాను.

మర్నాడు నువ్వు నాకు ఫోన్ చేసి ఏడిస్తే, "అమ్మ మనసు కష్టపెట్టుకున్నది, కొన్నాళ్లు ఆ మాట ఎత్తకు" అన్నాను. నువ్వు మళ్లీ ఎత్తలేదు. అటు ఆమెకు ఒక అబద్ధం, ఇటు నీకు ఒక అబద్ధం. మూడు నెలలు ఇద్దరి మధ్యా నేనే గోడనై కూర్చున్నాను. ఆటోలో అంత తొందరగా ఒప్పుకున్నదీ ఇది బయటపడకూడదనే.

ఎందుకంటే ఏం చెప్పను? ముప్పై ఏళ్లుగా స్వామికి వండుతున్నాను, రేపు గుడిలో నలుగురూ ఏమంటారో అన్న భయం తప్ప నా దగ్గర వేరే కారణం లేదు. ఆ అబ్బాయి ముఖం కూడా చూడలేదు. నెట్టు బాగా లేకపోవడం ఆ పూట నాకు స్వామి చేసిన సాయంలా అనిపించింది. పెళ్లయిన నాటి నుంచీ బజార్లో, ఆస్పత్రిలో, చుట్టాల ఇళ్లలో ఆమెకు చెవులూ నోరూ నేనే. ఎవరేం తిట్టినా తిట్టినట్టే చెప్పాను, ఒక్క మాటా మార్చలేదని గొప్పలు పోయేవాణ్ని. మార్చింది ఒక్కసారే. అదీ కన్నబిడ్డ మాట. ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే, కళ్లెదుట ఉన్న నీ చేతులు ఆమెకు ఎందుకు కనబడలేదన్న అనుమానమూ అప్పుడే వచ్చేది.

ఇప్పుడు దీపాలు పెట్టాక అమ్మ నా మణికట్లు పట్టుకుంటోంది. నా చేతులు ఎటు కదిలితే తన చేతులూ అటు కదిలించి నా మాట తెలుసుకుంటోంది. మొన్న శుక్రవారం అలా పట్టుకుని, మేధ ఈమధ్య ఎందుకు నవ్వడం లేదు అని అడిగింది. ఆ చేతుల్లో ఇంకో అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. పొద్దున చెబుతానన్నాను.

నిన్న పొద్దున ఎండలో, డాబా మీద, ఆమె ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడి మొత్తం చెప్పాను. నువ్వు ఎలా చెప్పావో అలాగే, నీ చేతులు ఆగిన చోట ఆగుతూ చెప్పాను. అంతా చూసి, ఎప్పుడంది అని అడిగింది. చవితి ముందు అన్నాను. వానలన్నావు కదా, అంది. అవునన్నాను. ఇక నా వైపు చూడలేదు. కళ్లు మూసుకుంది. ఆమెతో మాట్లాడటానికి నాకు వేరే దారి లేదు కదా. మోకాళ్ల మీద కూర్చుని చేతులు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. అన్నం వడ్డించింది గానీ నిన్నంతా నేను ఇంట్లో లేనట్టే ఉంది. ముప్పై ఏళ్లలో ఆమె నన్ను అంతగా శిక్షించింది లేదు. నాకు తగినదే.

ఈ రోజు గుడి నుంచి వచ్చేసరికి ఆమే నన్ను కిటికీ దగ్గరికి లాగింది. ఆ అబ్బాయికి వినబడుతుందా, చేతులతో మాట్లాడతాడా, నువ్వు అలిసిపోతే నీకు అన్నం పెడతాడా అని అడిగింది. నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. నీకు అబద్ధం రాయను, నా మనసింకా పూర్తిగా ఒప్పుకోలేదు. గుడిలో ఎదుర్కోవలసిన ముఖాలంటే ఇప్పటికీ భయమే. అయినా మీరు రండి. వంట నేను చేస్తాను. ఉద్యోగం మాత్రం వదలొద్దు, అది అమ్మ మాట. రాత్రి బండికి కాదు, పగలు వెలుగుండగా ఇంటికి చేరేలా రండి. వచ్చాక ఆమె పక్కన కాదు, ఎదురుగా కూర్చోండి.

ఆ అబ్బాయి పేరేమిటని అడిగితే అరచేతిలో ఒక్కో అక్షరం రాసి చూపించాను. అది నోటితో పిలిచే పేరు, నాకెందుకు అంది. నీకు తెలుసుగా, ఈ ఇంట్లో పేర్లన్నీ ఆమె పెట్టినవే. నుదుటి మీద మూడు వేళ్లు నిలబెడితే నామాలు పెట్టుకునే నేను, గడ్డం మీద పుట్టుమచ్చ దగ్గర వేలు ఆనిస్తే నువ్వు. ఒక్కసారి ఇంట్లోకి వచ్చి వెళ్లిన బబ్లూకు కూడా భుజాన వేసుకున్న వైరుతో పేరు పెట్టేసింది. ఎవరికైనా ముఖం చూశాకే పేరు. అందుకని ఈ మాట రాయమంది: "ముఖం చూడకుండా పేరు పెట్టలేను. నాకింకా కనబడుతుండగానే అతన్ని తీసుకురా."

ఇట్లు,
అమ్మ మాట మార్చకుండా రాసిన
మీ నాన్న.