పసుపు గడ, కుంకుమ గడ

నాంపల్లి

వదినా,

చెరకుకొచ్చే ఎర్రకుళ్ళు అన్ని చేలకూ ఒకటే తెగులా, చేనుకో తెగులా? ఇన్నేళ్ళు ల్యాబులో ఉండీ నాకు తేలని ప్రశ్న ఇది. నువ్వేమో పల్లం చెరకుగడకు పసుపు, మెరక గడకు కుంకుమ గుర్తు పెట్టి పంపావు. దారిలో రెండు రంగులూ కలిసిపోయాయి. "ఏంది మేడమ్, మీ వదిన చెరుకుకు పెండ్లి జేసి పంపిన్రా?" అని మా ల్యాబు విజయేందర్ ఒకటే నవ్వు. ఒక గడలోని బూజు తెల్లగా పెరిగి, నువ్వు వేద్దామన్న కొత్త రకం గడకు ఎక్కించి చూస్తే దాన్ని కుళ్ళబెట్టింది. రెండో గడది బూడిదరంగు. అది ఆ రకాన్ని ఏమీ చేయలేదు. ఏది ఏ చేనిదో తెలియదు. మళ్ళీ పంపు, ఈసారి పల్లం గడకు దారం కట్టు. ప్రణవికి జ్వరం తగ్గిందా? దానికి నా ముద్దులు. అదును దాటిపోతోందంటావు. ఏ చేలో నాటమనాలో, ఏ చేలో ఆగమనాలో నాకింకా తెలియడం లేదు.

నీ సుష్మ