మత్తుసూది ఎవరి చేతిలో

ఫిబ్రవరి 3

తొమ్మిదో నెల వచ్చింది. మొదటివాడు ఆపరేషన్‌తోనే పుట్టాడు కాబట్టి ఈసారీ కోత తప్పదు. చిక్కంతా ఇక్కడే. ఈ జిల్లా ఆసుపత్రిలో మత్తిచ్చే ఆఫీసర్‌ని నేనొక్కదాన్నే. డాక్టర్‌ని కాదు. డాక్టర్ పర్యవేక్షణలోనే మత్తివ్వాలని రూలు. ఆ డాక్టర్ మ్సుక్వా పోయినేడే చదువు ముగించుకుని వచ్చాడు. కత్తి పట్టేదీ ఆయనే. ఇక నన్ను పర్యవేక్షించేదెప్పుడట? బీపీ పడిపోతే నా ముఖం వంక చూస్తాడు, పాపం.

ఫిబ్రవరి 7

నా బదులు ఎవరినైనా పంపమని జోనల్ ఆఫీసుకి మళ్లీ ఫోన్ చేశాను. వస్తాడమ్మా, కంగారెందుకు, నీ పొట్ట నువ్వు చూసుకో అన్నాడు అవతలాయన. పోయిన నెలా ఇదే పాట.

ఫిబ్రవరి 9

ఎవరూ రాలేదు.

ఫిబ్రవరి 12

నడుములో వేసే మత్తుసూది నేర్పుతాను రా అని థియేటర్ నర్సు ఫలేసిని పిలిచాను. ఏళ్ల తరబడి నా పక్కనే నిలబడి చూస్తున్న మనిషి. వద్దక్కా, సూది ముట్టుకున్నానని తెలిస్తే నా లైసెన్స్ లాగేస్తారు, తర్వాత నా పిల్లలకి న్సిమా ముద్ద నువ్వొచ్చి వండిపెడతావా అంది. తప్పేముంది ఆమె మాటలో.

మ్సుక్వా విన్నాడు. రూలు ప్రకారం నేను వేయొచ్చుగా అక్కా, కాలేజీలో రెండు వేశాను, రెండోసారి మా సారు సూది లాక్కున్నారనుకో అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 15

రేపు అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి పోతాను. కాన్పయ్యేదాకా అక్కడే. నేను లేకపోతే ఇక్కడ కోతలన్నీ ఆగిపోతాయి. ఆగనీ. మా ఆయన యమికాని, బిడ్డని చుట్టే చితెంజే గుడ్డలతో పాటు ఎండుచేపలూ మూటగట్టాడు. అక్కడ తిండి దొరకదా అంటే, నీ నోటి సంగతి నాకు తెలుసులే అన్నాడు.

ఫిబ్రవరి 16

అంబులెన్స్ ఎక్కి కూర్చున్నాను. అప్పుడే ఎద్దుబండి మీద ఒక పిల్లని తెచ్చారు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది, బండి నిండా నెత్తురు. ఆమెను కూడా ఎక్కించుకుపోతే దారిలోనే పోతుంది. నన్ను దిగమని ఎవరూ అనలేదు. మ్సుక్వా వచ్చి తలుపు దగ్గర ఊరికే నిలబడ్డాడు. ఒళ్లు మండిపోయింది.

దిగాను.

తల్లీ బిడ్డా బతికారు. నేను బయటికొచ్చేసరికి అంబులెన్స్ తల పగిలినవాణ్ణి ఎక్కించుకుని వెళ్లిపోయింది. సాయంత్రం నుంచి వాన.

ఫిబ్రవరి 18

షీరే నది పొంగింది. వంతెన మునిగింది. అంబులెన్స్ అవతలి ఒడ్డున ఇరుక్కుపోయింది. నా బదులు వచ్చే ఆఫీసర్ కూడా అక్కడే ఉన్నాడట. చూశావా, పంపిస్తామన్నామా లేదా అన్నాడు జోనల్ ఆఫీసాయన.

భయంగా ఉంది.

ఫిబ్రవరి 19

నొప్పులు. థియేటర్ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. మందు ఎంత తీయాలో నేనే చెప్పాను. మ్సుక్వా, ఫలేసి ఇద్దరూ గ్లవ్స్ వేసుకున్నారు. ఎవరు వేయాలో నువ్వే చెప్పక్కా అంటోంది ఫలేసి. సూది పడాలంటే ముందుకి వంగాలి. నా వెన్ను నాకు కనిపించదు.